లైవ్ ప్యాచింగ్: నడుస్తున్న కెర్నల్‌కు మరమ్మతు

కంప్యూటర్‌ను ఆపకుండా, రీస్టార్ట్ చేయకుండా దాని ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోపాలను సరిదిద్దే పద్ధతి లైవ్ ప్యాచింగ్. విండోస్ వాడేవాళ్లు దీన్నే హాట్ ప్యాచింగ్ అంటారు. లినక్స్ సర్వర్లలో, క్లౌడ్ డేటా సెంటర్లలో ఇది చాలాకాలంగా వాడుకలో ఉంది. ఈమధ్య ఆఫీసు ల్యాప్‌టాప్‌లలోని విండోస్‌కూ వచ్చింది. మెమరీలో ఉన్న పాత ఫంక్షన్‌కు వెళ్లాల్సిన పిలుపును కొత్త ఫంక్షన్‌వైపు మళ్లించడం దీని మూలసూత్రం. మళ్లించడం పెద్ద కష్టమేమీ కాదు. ఏ క్షణంలో మళ్లించాలి, అప్పటికే పాత కోడ్‌లో సగం పనిలో ఉన్న ప్రాసెస్‌ల సంగతేమిటి అన్నదే అసలు చిక్కు. ఈ రంగంలో జరిగిన కృషిలో ఎక్కువ భాగం ఆ చిక్కు విప్పడానికే ఖర్చయింది.

రీస్టార్ట్ ఎందుకు అడుగుతుంది

అప్‌డేట్ చేయడమంటే ముందుగా డిస్క్ మీది ఫైళ్లు మార్చడం. నడుస్తున్న ప్రోగ్రామ్ మాత్రం డిస్క్ మీద ఉండదు, మెమరీలో ఉంటుంది. లినక్స్‌లో ఒక లైబ్రరీ ఫైలును తీసేసి అదే పేరుతో కొత్తది పెట్టినా, పాతదాన్ని తెరిచి ఉంచుకున్న ప్రోగ్రామ్‌కు ఆ పాతదే కనిపిస్తూ ఉంటుంది. అందుకే 2014లో ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే సరిపోలేదు. దాన్ని వాడుతున్న వెబ్ సర్వర్‌నూ ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. విండోస్ తీరు వేరు. వాడకంలో ఉన్న ఫైలును అది సాధారణంగా మార్చనివ్వదు. మార్చాల్సిన వాటి జాబితా రాసిపెట్టుకుని, తర్వాతి బూట్‌లో, ఇంకా ఎవరూ ఆ ఫైళ్లను తెరవకముందే మారుస్తుంది.

మామూలు ప్రోగ్రామ్ అయితే దాన్నొక్కదాన్నే ఆపి మొదలుపెట్టవచ్చు. కెర్నల్ విషయంలో ఆ వీలు లేదు. మెమరీ పంచడం, ప్రాసెస్‌లకు వంతులు వేయడం, డిస్క్, నెట్‌వర్క్ నడపడం అన్నీ దాని పనులే. దాన్ని ఆపితే దాని మీద నడిచేవన్నీ ఆగిపోతాయి. పెద్ద సర్వర్‌లో ఫర్మ్‌వేర్ మెమరీని, కార్డులను పరీక్షించుకోవడానికే నిమిషాలు పడతాయి. ఆ తర్వాత డేటాబేస్ లేచినా, దాని క్యాష్ నిండి మునుపటి వేగం అందుకోవడానికి ఇంకొంత సమయం కావాలి.

హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో సర్వర్లు చూసుకునేవాళ్లకు ప్యాచింగ్ విండో అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి, అప్లికేషన్ టీమ్ ఒప్పుకోవాలి, కస్టమర్ సరేననాలి. అప్పుడు వారాంతంలో రెండు మూడు గంటలు దొరుకుతాయి. లోపం మంగళవారం బయటపడి విండో శనివారం రాత్రి ఉంటే, నడుమ నాలుగు రోజులు ఆ తలుపు తెరిచే ఉంటుంది. దాడి చేసేవాళ్లకు ఆ వ్యవధి చాలు. ప్యాచ్ విడుదలైందంటే లోపం ఎక్కడుందో అందరికీ చెప్పినట్టే. పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. లైవ్ ప్యాచింగ్ ముఖ్యంగా ఈ నాలుగు రోజుల కోసం పుట్టింది. రీస్టార్ట్‌ను పూర్తిగా తప్పించడం దాని లక్ష్యమని చాలామంది అనుకుంటారు. రీస్టార్ట్‌ను మనకు అనువైన రోజుకు జరుపుకోవడం, అప్పటిదాకా లోపం మూసి ఉంచడం దాని అసలు లక్ష్యం.

తొలి అడుగులు

నడుస్తున్న వ్యవస్థలో భాగాలను మార్చాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అలా మార్చుకోగల వ్యవస్థను ఎలా కట్టాలో వివరిస్తూ రాబర్ట్ ఫాబ్రీ 1976లోనే పరిశోధన పత్రం రాశారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల వాళ్లకు ఈ అవసరం అందరికంటే ముందు వచ్చింది. ఊళ్లో ఫోన్లన్నీ ఆపి అప్‌డేట్ చేస్తామంటే కుదిరే పని కాదు. స్వీడన్‌లో ఎరిక్సన్ కంపెనీ 1980ల చివర్లో రూపొందించిన ఎర్లాంగ్ భాషలో ఈ సౌకర్యం భాషలోనే భాగమైంది. ఒక మాడ్యూల్‌కు పాత, కొత్త రూపాలు రెండూ ఒకేసారి మెమరీలో ఉండవచ్చు. పాతదాంట్లో ఉన్న ప్రాసెస్ తన పని చేసుకుంటూ, మాడ్యూల్ పేరుతో సహా పిలిచిన తర్వాతి పిలుపులో కొత్తదానికి మారుతుంది. మూడో రూపం ఎక్కించబోతే, ఇంకా మొదటిదాన్నే పట్టుకుని ఉన్న ప్రాసెస్‌లను ఎర్లాంగ్ తొలగిస్తుంది.

ఎర్లాంగ్‌కు ఒక అనుకూలత ఉంది. మార్పు వస్తుందన్న ఎరుకతోనే ఆ భాషను కట్టారు. సీ భాషలో రాసిన లినక్స్ కెర్నల్‌కు అలాంటి ఏర్పాటేమీ లేదు. కంపైలర్ ఒక ఫంక్షన్‌ను ఇంకోదాంట్లో కలిపేస్తుంది, చిరునామాలను నేరుగా కోడ్‌లో రాసేస్తుంది, ఏ డేటా ఎవరి చేతిలో ఉందో ఎక్కడా నమోదు చేయదు. అలాంటి దానికి బయటినుంచి మరమ్మతు చేయడం అమెరికాలోని ఎంఐటీలో ఒక విద్యార్థి పనితో ఊపందుకుంది.

కెస్‌ప్లైస్

2006లో ఎంఐటీ విద్యార్థి జెఫ్ ఆర్నాల్డ్ చూసుకుంటున్న ఒక లినక్స్ సర్వర్‌కు ముఖ్యమైన భద్రతా ప్యాచ్ వచ్చింది. వాడేవాళ్లకు ఇబ్బంది కలగకూడదని రీబూట్‌ను వాయిదా వేశారు. ఆలోపే సర్వర్ మీద దాడి జరిగింది. ఆ అనుభవమే ఆయన మాస్టర్స్ పరిశోధనకు అంశమైంది. 2008లో కెస్‌ప్లైస్ పేరుతో కోడ్ బయటికి వచ్చింది. 2009లో ఎంఐటీ ప్రొఫెసర్ ఫ్రాన్స్ కాషూక్‌తో కలిసి యూరోసిస్ సదస్సుకు ఆయన పత్రం సమర్పించారు. 2005 మే నుంచి 2008 మే దాకా లినక్స్‌కు వచ్చిన ముఖ్యమైన భద్రతా ప్యాచ్‌లు 64 తీసుకుని పరీక్షిస్తే, 56 ప్యాచ్‌లు అదనంగా ఒక్క లైను కోడ్ రాయకుండానే నడుస్తున్న కెర్నల్‌లో అమరాయి. మిగిలిన ఎనిమిదింటికి కొద్దిపాటి లైన్లు చేర్చాల్సి వచ్చింది, అంతే.

భద్రతా ప్యాచ్‌ల స్వభావాన్ని ఈ లెక్క చక్కగా పట్టి చూపింది. అవి సాధారణంగా చాలా చిన్నవి. ఒక హద్దు పరీక్ష మరిచిపోయారు, ఒక తాళం వేయడం మరిచిపోయారు, ఒక సంఖ్యకు గుర్తు చూసుకోలేదు. వాటికి కొత్త డేటా నిర్మాణాలు అక్కర్లేదు. కెర్నల్ మొత్తాన్ని మార్చడం అసాధ్యమైనా, ఈ చిన్న మరమ్మతులు సాధ్యమేనని తేలింది.

మూల కోడ్ స్థాయిలో కాకుండా, కంపైల్ చేసిన ఆబ్జెక్ట్ కోడ్ స్థాయిలోనే పాతకొత్తలను పోల్చడం కెస్‌ప్లైస్ ప్రత్యేకత. ప్యాచ్ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి కెర్నల్‌ను కంపైల్ చేసి, ఏ ఫంక్షన్ల బైట్లు మారాయో చూస్తుంది. ఇంకో కాపలా కూడా ఉంది. తాను కంపైల్ చేసిన పాత కోడ్, ఇప్పుడు మెమరీలో నడుస్తున్న కోడ్ ఒకటేనా అని బైటు బైటు సరిపోల్చుకుంటుంది. తేడా వస్తే చేయి పెట్టదు. ఇవన్నీ తేలాక క్షణకాలం ప్రాసెసర్లన్నిటినీ ఆపి, ఏ థ్రెడ్ స్టాక్‌లోనూ, అంటే అది ఇంకా ముగించని పిలుపుల జాబితాలో, పాత ఫంక్షన్ లేదని చూసుకుని, దాని మొదట్లో కొత్త ఫంక్షన్‌కు జంప్ రాస్తుంది. ఆపే వ్యవధి మిల్లీసెకను కూడా ఉండదు. ఎవరైనా లోపల ఉన్నారని తెలిస్తే వదిలేసి, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఆర్నాల్డ్ సహచరులతో పెట్టిన కంపెనీని 2011 జులైలో ఒరాకిల్ కొనేసింది. ఆ తర్వాత ఈ సేవ ప్రధానంగా ఒరాకిల్ లినక్స్ చందాదారులకే పరిమితమైంది. మిగతా లినక్స్ కంపెనీలు తమ దారి తాము వెతుక్కోక తప్పలేదు. ఒక కంపెనీ చేతిలోకి పోయిన ఆ పరిజ్ఞానం కొన్నేళ్లకు అందరి కెర్నల్‌లో భాగమైందంటే, ఆ ఒత్తిడి కూడా ఒక కారణమే.

ఐదు బైట్ల తలుపు

నేటి లినక్స్‌లో మళ్లింపుకు వాడేది ఎఫ్‌ట్రేస్ అనే సదుపాయం. నిజానికి దీన్ని తయారుచేసింది వేరే అవసరానికి, కెర్నల్‌ను పరిశీలించడం కోసం. కెర్నల్‌ను కంపైల్ చేసేటప్పుడు దాదాపు ప్రతి ఫంక్షన్ మొదట్లో ఒక పిలుపు ఆదేశం పెట్టిస్తారు. ఇంటెల్, ఏఎండీ 64 బిట్ ప్రాసెసర్ల మీద దాని పొడవు ఐదు బైట్లు. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ వాటన్నిటినీ ఏ పనీ చేయని ఐదు బైట్ల ఆదేశాలుగా మార్చేస్తుంది. దాంతో వేగం ఏమంత తగ్గదు, కానీ వేల ఫంక్షన్ల ముందు వాడుకోదగిన ఖాళీ మిగులుతుంది. లైవ్ ప్యాచ్ మాడ్యూల్ ఎక్కగానే, మారాల్సిన ఫంక్షన్ ముందున్న ఖాళీలో మళ్లీ పిలుపు రాస్తారు. ఆ పిలుపు అందుకున్న కోడ్, వెనక్కి వెళ్లాల్సిన చిరునామాను మార్చి కొత్త ఫంక్షన్ చిరునామా పెడుతుంది.

ఆ ఐదు బైట్లు రాయడంలోనే ఎంత జాగ్రత్త ఉందో గమనించాలి. ఒక ప్రాసెసర్ ఆ ఆదేశాన్ని చదువుతుండగా ఇంకోటి మూడు బైట్లు మార్చి ఉంటే, సగం పాత, సగం కొత్త బైట్లతో అర్థంలేని ఆదేశం తయారవుతుంది. అందుకని ముందు మొదటి బైటు ఒక్కదాన్నే బ్రేక్‌పాయింట్‌గా మారుస్తారు. ఎవరైనా అటు వస్తే వాళ్లను క్షేమంగా దాటించడానికి వేరే కోడ్ సిద్ధంగా ఉంటుంది. ప్రాసెసర్లన్నిటికీ ఈ మార్పు తెలిసిందని రూఢి చేసుకుని, మిగతా నాలుగు బైట్లు రాస్తారు. మళ్లీ అందరికీ తెలియజేసి, చివరన మొదటి బైటులో అసలు విలువ పెడతారు.

విండోస్‌లో ఇదే సమస్యకు ఇంకో అందమైన పరిష్కారం ఉంది. 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 కాలం నుంచి దాని లైబ్రరీ ఫంక్షన్లు ఒక వింత ఆదేశంతో మొదలవుతాయి. ఈడీఐ అనే రిజిస్టర్‌లోని విలువను మళ్లీ ఈడీఐలోనే పెట్టమంటుంది అది. చూడటానికి వృథా. దానికి పట్టే చోటు సరిగ్గా రెండు బైట్లు. ఫంక్షన్‌కు ముందు ఐదు బైట్లు ఖాళీ. ప్యాచ్ వేసేటప్పుడు ముందుగా ఆ ఐదు బైట్లలో దూరపు జంప్ రాసి, తర్వాత ఈ రెండు బైట్ల స్థానంలో వెనక్కి దూకే చిన్న జంప్ ఒక్కసారిగా రాస్తారు. రెండు ఒంటి బైటు ఖాళీ ఆదేశాలు పెడితే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. ఒక థ్రెడ్ మొదటి ఖాళీ ఆదేశం దాటి రెండోదాని ముందు నిలిచి ఉన్న క్షణంలో జంప్ రాస్తే, అది ఆ జంప్ నడుమలో కాలు పెడుతుంది. రెండు బైట్ల ఒక్క ఆదేశమైతే థ్రెడ్ దానికి ముందైనా ఉంటుంది, వెనకైనా ఉంటుంది.

డర్టీ కౌ: పదిహేను లైన్ల ప్యాచ్‌లో ఏముంది

2016 అక్టోబర్‌లో బయటపడ్డ డర్టీ కౌ లోపం, లైవ్ ప్యాచింగ్‌లోని అసలు కష్టం చూపడానికి మంచి ఉదాహరణ. 2007 నుంచీ లినక్స్‌లో ఉన్న ఈ లోపంతో, మామూలు యూజర్ ఎవరైనా తనకు చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో రాయగలిగేవారు. ఆ ఫైలు సర్వాధికారాలున్న రూట్ ఖాతాది అయితే, మెషీన్ చేజారినట్టే. సరిదిద్దుతూ లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ రాసిన నోట్‌లో, ఈ లోపాన్ని పదకొండేళ్ల కిందట తానే ఒకసారి సరిచేయబోయి సరిగా చేయలేకపోయానని ఒప్పుకున్నారు.

ఇలాంటి రాత కోసం అడిగినప్పుడు కెర్నల్ ఒక లూప్‌లో రెండు ఫంక్షన్లను మార్చి మార్చి పిలుస్తుంది. ఒకటి ఫాలో పేజ్ పీటీఈ, కావలసిన మెమరీ పేజీ అందుబాటులో ఉందా, దానిలో రాయవచ్చా అని చూస్తుంది. రాయడానికి వీల్లేకపోతే రెండోదైన ఫాల్టిన్ పేజ్ ఆ పేజీకి సొంత నకలు చేసి ఇస్తుంది. నకలు అయ్యాక, మళ్లీ అదే పరీక్షలో చిక్కుకోకుండా, 'రాయాలి' అన్న గుర్తును అది చెరిపేసేది. సరిగ్గా అప్పుడు ఇంకో థ్రెడ్ ఆ నకలును పారేయమని అడిగితే? లూప్ మళ్లీ తిరిగేసరికి రాయాలన్న గుర్తు లేదు, నకలూ లేదు. కెర్నల్ అసలు పేజీనే చదవడానికని తెచ్చిస్తుంది, పైన ఉన్న కోడ్ దాని మీదే రాసేస్తుంది.

పరిష్కారం పదిహేను లైన్ల లోపే. రాయాలన్న గుర్తును చెరపకుండా, 'నకలు అయింది' అనే కొత్త గుర్తును చేర్చారు. పరీక్షించే ఫంక్షన్ ఇప్పుడు ఆ గుర్తుతోపాటు పేజీ నిజంగా మారిన నకలేనా అని కూడా చూస్తుంది.

ఈ ప్యాచ్‌ను నడుస్తున్న కెర్నల్‌లో వేయబోతున్నామనుకుందాం. రెండు ఫంక్షన్లూ మారాలి. ఒక థ్రెడ్‌కు కొత్త ఫాల్టిన్ పేజ్, పాత ఫాలో పేజ్ పీటీఈ దొరికాయనుకోండి. కొత్తది రాయాలన్న గుర్తును ఉంచేస్తుంది. పాతదానికి కొత్త గుర్తు గురించి తెలియదు, రాయడానికి అనుమతి లేదని వెనక్కి పంపుతుంది. మళ్లీ కొత్తది, మళ్లీ పాతది. ప్రాసెస్‌ను చంపేదాకా ఆ లూప్ తిరుగుతూనే ఉంటుంది. తలకిందులుగా, పాత ఫాల్టిన్, కొత్త ఫాలో దొరికితే గుర్తు చెరిగిపోతుంది, కొత్త పరీక్ష జరగదు, లోపం అలాగే ఉంటుంది. విడివిడిగా చూస్తే రెండూ సరైన కోడే. కలిపితే పనికిరావు.

ఇంకా లోతుకు పోతే మరో మెలిక. థ్రెడ్ ఆ రెండింటిలో దేనిలోనూ లేకుండా, వాటిని పిలిచే లూప్‌లో ఉండవచ్చు. పాత ఫంక్షన్ గుర్తును చెరిపేసింది, తిరిగి వచ్చింది. ఆ క్షణంలో రెండింటినీ కొత్తవాటిగా మార్చాం. స్టాక్ మీద పాత ఫంక్షన్ లేదు కాబట్టి పరీక్షలన్నీ బాగున్నాయనే చెబుతాయి. కానీ చెరిగిన గుర్తు ఇంకా ఆ థ్రెడ్ చేతిలోనే ఉంది. ఆ ఒక్కసారికి పాత లోపం బతికే ఉంటుంది. దీన్ని కూడా మూయాలంటే లూప్ ఉన్న ఫంక్షన్‌నూ ప్యాచ్‌లో చేర్చాలి. ఏ యంత్రమూ దీన్ని దానంతటది కనిపెట్టలేదు. కోడ్ అర్థం తెలిసిన మనిషి కూర్చుని ఆలోచించాలి. లైవ్ ప్యాచ్ తయారీ నేటికీ నిపుణుల చేతిపనిగా ఉండటానికి కారణం ఇదే.

డర్టీ కౌ బయటపడిన వారంలోనే కెనానికల్ సంస్థ ఉబుంటు 16.04 కోసం తన లైవ్‌ప్యాచ్ సేవను ప్రారంభించింది.

రెండు దారులు, ఒక రాజీ

2014లో రెండు కంపెనీలు ఇంచుమించు ఒకేసారి తమ పద్ధతులను ప్రకటించాయి. సూసే వాళ్లది కేగ్రాఫ్ట్, రెడ్ హ్యాట్ వాళ్లది కేప్యాచ్. కేప్యాచ్ దాదాపు కెస్‌ప్లైస్ దారిలోనే నడిచింది. మెషీన్‌ను క్షణం ఆపి, అన్ని స్టాక్‌లూ వెతికి, అందరినీ ఒక్కసారే మార్చేస్తుంది. కేగ్రాఫ్ట్ ఎవరినీ ఆపదు. వంతెన మరమ్మతు జరిగేటప్పుడు అప్పటికే దాని మీదున్న బండ్లను దాటనిచ్చి, కొత్తగా వచ్చేవాటిని మాత్రమే డైవర్షన్ రోడ్డుకు పంపినట్టు, కెర్నల్‌లో ఉన్న ప్రాసెస్ పాత కోడ్‌తోనే పని ముగించుకుంటుంది. బయటికి వచ్చి మళ్లీ లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి కొత్త కోడ్ చూస్తుంది. కొంతసేపు రెండు లోకాలూ పక్కపక్కనే నడుస్తాయి.

కేప్యాచ్‌తో చిక్కు ఏమంటే, ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూ ఉండే ఫంక్షన్‌ను మార్చలేరు. కేగ్రాఫ్ట్‌తో చిక్కు, ఎప్పటికీ కెర్నల్ బయటికి రాని కెర్నల్ థ్రెడ్‌లు. పోటీపడి రెండు వేర్వేరు వ్యవస్థలు కెర్నల్‌లోకి రావడం ఎవరికీ ఇష్టం లేదు. 2014 అక్టోబర్‌లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగిన లినక్స్ ప్లంబర్స్ సదస్సులో రెండు పక్షాలూ కూర్చుని, ముందు ఇద్దరికీ పనికొచ్చే పునాది కడదామని ఒప్పుకున్నాయి. 2015 ఏప్రిల్‌లో విడుదలైన లినక్స్ 4.0లో ఆ పునాది చేరింది. అప్పటికి అందులో మళ్లింపు ఉంది కానీ, పాతకొత్తలు కలవకుండా చూసే కాపలా లేదు. రెండు పద్ధతులనూ కలిపిన ఆ కాపలా 2017లో, 4.12తో వచ్చింది. ఈ రంగంలో ఇద్దరు పోటీదారులు తమ తమ కోడ్‌ను పక్కన పెట్టి మూడోదాన్ని కలిసి కట్టడం, నా దృష్టిలో సాంకేతిక ఫలితం కంటే తక్కువ విలువైనదేమీ కాదు.

ఇప్పటి పద్ధతి ఇలా పనిచేస్తుంది. ప్రతి థ్రెడ్‌కూ ఒక స్థితి ఉంటుంది: పాతది, లేదా కొత్తది. నిద్రలో ఉన్న థ్రెడ్ స్టాక్‌ను వెతికి, మారబోయే ఫంక్షన్లు దానిలో లేకపోతే అక్కడికక్కడే కొత్త స్థితికి మారుస్తారు. ఉంటే, అది కెర్నల్ నుంచి బయటికి వచ్చినప్పుడు మారుతుంది. మిగిలిపోయినవాళ్లను ఇంచుమించు సెకనుకొకసారి మళ్లీ చూస్తారు. పదిహేను సెకన్లైనా కదలని వాళ్లకు ఉత్తుత్తి సిగ్నల్ పంపి ఒకసారి నిద్రలేపుతారు. అందరూ మారాకే పని పూర్తయినట్టు. ఇదంతా జరగాలంటే స్టాక్‌ను తప్పు లేకుండా చదవగలగాలి. అందుకోసం రెడ్ హ్యాట్‌కు చెందిన జోష్ పోయింబూఫ్ తయారుచేసిన ఓఆర్‌సీ అనే ఏర్పాటు 2017 చివర్లో, 4.14తో కెర్నల్‌లో చేరింది.

కుదరని చోట్లు

ప్రాసెస్‌లకు వంతులు వేసే షెడ్యూల్ ఫంక్షన్‌ను లైవ్ ప్యాచ్ చేయలేరు. నిద్రపోతున్న ప్రతి థ్రెడ్ స్టాక్‌లోనూ అది ఉంటుంది మరి. ఎఫ్‌ట్రేస్ తలుపు లేని ఫంక్షన్లకు, యూజర్ ప్రోగ్రామ్ నుంచి కెర్నల్‌లోకి అడుగుపెట్టే చోట ఉండే అసెంబ్లీ కోడ్‌కూ ఇదే పరిస్థితి. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు బయటపడినప్పుడు ఈ పరిమితి గట్టిగా తగిలింది. మెల్ట్‌డౌన్‌కు విరుగుడు సరిగ్గా ఆ గడప దగ్గరే, పేజీ పట్టికలు మార్చే కోడ్‌లో పెట్టాలి. ప్రపంచమంతటా సర్వర్ల వాళ్లు రీబూట్‌లకు కూర్చోవాల్సి వచ్చింది.

డేటా నిర్మాణం మారితే ఇంకో రకం ఇబ్బంది. ఒక స్ట్రక్చర్‌కు కొత్త గడి చేర్చాలంటే, పాత కొలతతో అప్పటికే లక్షల కాపీలు మెమరీలో ఉంటాయి. వాటిని కదిలించలేరు. దానికి షాడో వేరియబుల్ అనే ఉపాయం ఉంది. అదనపు గడిని వేరేచోట పెట్టి, అసలు వస్తువు చిరునామా ఆధారంగా వెతుక్కుంటారు. చిన్నవాటికి బాగానే పనిచేస్తుంది. కెర్నల్ వెర్షన్ మొత్తాన్ని మార్చే అప్‌గ్రేడ్‌కు ఇది దారి కాదు.

విండోస్‌లో

మైక్రోసాఫ్ట్ 2005లోనే, విండోస్ సర్వర్ 2003 సర్వీస్ ప్యాక్ 1తో హాట్ ప్యాచింగ్ సదుపాయం తెచ్చినా, అప్పట్లో అది పెద్దగా వాడుకలోకి రాలేదు. విండోస్ సర్వర్ 2022 అజూర్ ఎడిషన్‌తో మళ్లీ ముందుకొచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్‌కూ అందుబాటులోకి వచ్చింది. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో వచ్చే ప్రధాన అప్‌డేట్‌కు రీస్టార్ట్ తప్పదు. వాటి మధ్య రెండేసి నెలలు రీస్టార్ట్ లేని ప్యాచ్‌లు వస్తాయి. ఏడాదికి పన్నెండు రీస్టార్ట్‌లు నాలుగవుతాయి. సొంత డేటా సెంటర్లలోని విండోస్ సర్వర్ 2025కు ఈ సేవ కోసం 2025 జులైలో ఒక్కో కోర్‌కు నెలకు ఒకటిన్నర డాలర్ చొప్పున రుసుము పెట్టారు. ఇంట్లో వాడే హోమ్ ఎడిషన్‌కు ఇది లేదు.

పక్కదారులు

కెర్నల్‌ను ముట్టుకోకుండా అంతరాయం తగ్గించే మార్గాలూ ఉన్నాయి. క్లౌడ్‌లో ముఖ్యమైనది లైవ్ మైగ్రేషన్. వర్చువల్ మెషీన్‌ను నడుస్తుండగానే ఇంకో భౌతిక మెషీన్‌కు తరలించి, ఖాళీ అయినదాన్ని తీరిగ్గా రీబూట్ చేస్తారు. 2005లో కేంబ్రిడ్జ్ బృందం, వర్చువల్ మెషీన్లను నడిపే జెన్ హైపర్‌వైజర్ మీద ఒక గేమ్ సర్వర్‌ను ఇలా తరలిస్తే, ఆట ఆగింది 60 మిల్లీసెకన్లు మాత్రమే. హైపర్‌వైజర్‌లోనే లోపం ఉంటే ఏమవుతుందో 2014 సెప్టెంబర్‌లో తెలిసింది. జెన్‌లో ఒక లోపం కారణంగా అమెజాన్ తన ఈసీ2 క్లౌడ్ మెషీన్లలో పది శాతం లోపు రీబూట్ చేయాల్సి వచ్చింది. 2016లో వచ్చిన జెన్ 4.7లో లైవ్ ప్యాచింగ్ చేరింది.

కెఎగ్జెక్ అనే లినక్స్ సదుపాయం 2005 నుంచి ఉంది. ఫర్మ్‌వేర్ దశను దాటేసి ఒక కెర్నల్ నుంచి నేరుగా ఇంకో కెర్నల్‌లోకి దూకుతుంది. 2023లో, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ 254తో వచ్చిన సాఫ్ట్ రీబూట్ దీనికి తిరగేసిన పద్ధతి. కెర్నల్ అలాగే ఉంటుంది, దాని పైనున్న ప్రోగ్రామ్‌లన్నీ కొత్తగా మొదలవుతాయి. ఫోన్లలో ఆండ్రాయిడ్ 7.0 నుంచి ఉన్న ఏ/బీ అప్‌డేట్ చాలామందికి పరిచయమే. మనం ఫోన్ వాడుకుంటూ ఉండగా రెండో స్లాట్‌లో కొత్త సిస్టమ్ సిద్ధమవుతుంది. చివర్లో ఒక్క రీస్టార్ట్‌తో దానికి మారిపోతుంది.

నిర్వహణలో

లైవ్ ప్యాచింగ్ పునాది ఎవరైనా వాడుకోగల ఉచిత కోడ్. డబ్బు తీసుకునేది ప్యాచ్ తయారీకి, పరీక్షకు. ఒక్కో కెర్నల్ రూపానికీ విడిగా ప్యాచ్ చేసి, విడిగా పరీక్షించాలి కాబట్టి అది న్యాయమైన ధరే. ఉబుంటు వాళ్లు సొంత వాడకానికి ఐదు మెషీన్ల వరకు ఉచితంగా ఇస్తున్నారు. చిన్న సర్వర్ నడుపుకునేవాళ్లు, చదువుకునేవాళ్లు తప్పక వాడుకోవలసిన అవకాశమిది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లను తికమకపెట్టే సంగతి ఒకటుంది. లైవ్ ప్యాచ్ వేశాక కూడా యునేమ్ కమాండ్ పాత కెర్నల్ నంబరే చూపిస్తుంది. వెర్షన్ నంబర్ చూసి లెక్కగట్టే భద్రతా స్కానర్లు, లోపం ఇంకా ఉందని నివేదిక ఇస్తాయి. ఆడిట్‌లో దీనికి సమాధానం చెప్పుకోవాలంటే లైవ్ ప్యాచ్ సాధనం ఇచ్చే స్థితి నివేదికను జతచేయాలి. రెడ్ హ్యాట్‌లో కేప్యాచ్ లిస్ట్, ఒరాకిల్‌లో అప్‌ట్రాక్ యునేమ్ ఈ పని చేస్తాయి. కెర్నల్ కూడా తనకు లైవ్ ప్యాచ్ పడిందని టెయింట్ జాబితాలో కే అక్షరంతో గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా క్రాష్ అయితే విచారించేవాళ్లకు అది మొదట కనిపించాలని ఈ ఏర్పాటు.

ఒక కెర్నల్ రూపానికి లైవ్ ప్యాచ్‌లు కలకాలం రావు. కొన్ని కంపెనీలు ఆరు నెలలు, కొన్ని ఏడాది ఇస్తాయి. ఆ గడువు ముగిసేలోగా కొత్త కెర్నల్‌కు మారి రీబూట్ చేయాలి. గడువు ఇంకా ఉన్నా, అనుభవం ఉన్న అడ్మిన్లు అన్నాళ్లు ఆగరు. నెలల తరబడి బూట్ కాని మెషీన్‌లో ఫైల్ సిస్టమ్ మౌంట్‌లు, నెట్‌వర్క్ సెట్టింగ్‌లు, సర్వీసుల వరస ఎన్నోసార్లు చేత్తో మారి ఉంటాయి. వాటిలో ఏది ఫైలులో రాసి ఉంచారో, ఏది మెమరీలో మాత్రమే ఉందో రీబూట్ చేస్తేనే తెలుస్తుంది. కరెంటు పోయిన రాత్రి తెలుసుకునే కంటే, పట్టపగలు టీమ్ అంతా అందుబాటులో ఉన్నప్పుడు ఒక్కో సర్వర్‌నే రీబూట్ చేసి, సర్వీసులన్నీ వాటంతటవే లేచాయో లేదో చూసుకుని రెండోదానికి వెళ్లడం వాళ్ల పద్ధతి.